ఇవ్వొద్దని చెప్పాను కదమ్మా

మీరెవరో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు ధైర్యం. తెలిసినవాళ్ల ముందు ఈ మాట ఎత్తబోయి, గొంతు దాకా తెచ్చుకుని, మింగేసి, ఎండలు ఎక్కువగా ఉన్నాయనో, రైలు ఆలస్యమైందనో ఇంకేదో మాట్లాడి లేచి వచ్చేశాను. అట్లా పదేళ్లు దాటాయి. బరువు అంటే మోసేవాడికి అలవాటవుతుందంటారు. కాలేదు. పొద్దున లేవగానే ఒక్క క్షణం ఏమీ గుర్తుండదు. తర్వాత గుర్తొస్తుంది. ఆ ఒక్క క్షణం కోసమే నిద్రపోతానేమో అనిపిస్తుంది.

నేను డాక్టర్ని. మానసిక వైద్యురాలిని. ఇల్లు పెనుకొండ, క్లినిక్ హిందూపురం. రోజూ సోమందేపల్లి మీదుగా పోయి వస్తాను. దారిలో ఎవరో ఒకరు చెయ్యెత్తి నమస్కారం చేస్తారు. ఆ ఇంటి మగవాడో, ఈ ఇంటి కొడుకో నా దగ్గర తాగుడు మానినవాడై ఉంటాడు. ఆ నమస్కారం తీసుకోవడానికి నా చెయ్యి సగం దాకే లేస్తుంది.

నేను చెప్పబోయేది ఒక మనిషి చావు గురించి. కాదు, అబద్ధం. చావు గురించి మాత్రమే అయితే ఎప్పుడో చెప్పేసేదాన్ని. డాక్టర్ల చేతిలో మనుషులు పోతారు, డాక్టర్లు ఏడుస్తారు, మళ్లీ పనిలోకి పోతారు. నేను చెప్పబోయేది ఆ చావు తర్వాత నేనన్న ఒక మాట గురించి. పేర్లు మార్చాను. ఊర్లు మార్చలేదు. అవి మారిస్తే నేనే నమ్మను.

ముందు మా నాయన గురించి చెప్పాలి. సాకు కోసం కాదు. లేదా సాకు కోసమేనేమో, మీరే చూడండి. మా నాయన పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తా. మంచివాడు. సాయంత్రం ఆరు దాటితే మంచివాడు కాదు. నేను పదో తరగతిలో ఉండగా కాలేయం చెడి, కడుపులో నీరు చేరి పోయాడు. పోయిన రోజు మా పెద్దత్త అందరి ముందూ మా అమ్మను చూపించి, "మొగుణ్ని దారిలో పెట్టుకోలేకపాయె" అనింది. మా అమ్మ తల ఎత్తలేదు. ఆ తర్వాత కూడా పూర్తిగా ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజే అనుకున్నాను, తాగుడనేది పెళ్లాం చేతకానితనం కాదు, మొగుడి బుద్ధిలేనితనం కూడా కాదు, అది ఒంట్లో ఎక్కడో ఉంది, ఎక్కడుందో కనిపెట్టి ఈ ఆడవాళ్లందరి నోరూ మూయిస్తానని. డాక్టరయ్యాను. బెంగళూరులో ఒక పెద్ద సంస్థలో పరిశోధనలో చేరాను. తాగుడు రక్తంలో ఎట్లా దిగుతుంది, ఒకే ఇంట్లో ఒకడు ముట్టకపోతే ఇంకొకడు ఎందుకు వదల్లేడు, వాళ్ల మెదడు మిగతావాళ్ల మెదడు కంటే ఎక్కడ తేడా. అదీ నా పని. నిజంగా ప్రేమించి చేశాను. ఇప్పటికీ అది తప్పు పని అనను.

తండ్రి, కొడుకులు, అన్నదమ్ములు అందరూ తాగే కుటుంబాలు మాకు కావాలి. మాట తెలిసినదాన్ని, మనుషులు తెలిసినదాన్ని కనుక ఈ వైపు నన్ను పంపారు. హిందూపురంలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. రక్తం తీసుకోవడం, ప్రశ్నలు అడగడం, తలకు వైర్ల టోపీ పెట్టి మెదడులో కదిలే అలలను యంత్రం మీద చూడడం. ఆ యంత్రం మాది కాదు, ఇంకో విభాగం నుంచి కొన్నాళ్లకు అరువు తెచ్చుకున్నది.

ధర్మవరంలో ఓబులేసు కుటుంబం దొరికింది. దొరికింది అన్నాను చూడండి. అప్పుడు కూడా నాకు నోట్లోకి వచ్చిన మాట అదే. తాత తాగి పోయాడు, తండ్రి తాగి పోయాడు, ముగ్గురు అన్నదమ్ముల్లో ఇద్దరు తాగుతారు, మూడోవాడు వాసన కూడా పడనివాడు. పరిశోధన చేసేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? బెంగళూరుకు ఫోన్ చేసి మా ప్రొఫెసర్‌కు చెబితే ఆయన నిజమేనా అని మళ్లీ మళ్లీ అడిగారు. అంత సంతోషం.

ఓబులేసు ముగ్గురిలో నడిపివాడు. నలభై కూడా ఉండవు. పట్టుచీరలు నేసేవాడు. కొంగుల్లో నెమళ్లు, అంచుల్లో మామిడి పిందెలు దింపడంలో ఆ వీధిలో అతన్ని మించినవాడు లేడని వాళ్ల అన్నే చెప్పాడు. నవ్వులాటల మనిషి. సూది గుచ్చేటప్పుడు, "మేడం, ఈ నెత్తుర్లో బ్రాంది ఎక్కువుంటాది, జాగ్రత్త, దీపం దగ్గర పెట్టొద్దండి" అన్నాడు. గదిలో అందరం నవ్వాం. పొద్దున మంచం దిగగానే అతని చేతులు వణికేవి. ఆ చేతులతో మగ్గం మీద కూర్చుంటే పోగు తెగుతుంది. అందుకని పళ్లు తోముకోకముందే కొంచెం తాగేవాడు. తాగితే చెయ్యి నిలబడేది. అప్పుడు నేసేవాడు.

ఈ సంగతి నాకు తెలుసు. ఇది మీరు గుర్తు పెట్టుకోండి, నేను మరిచిపోయినట్టు నటించిన సంగతి ఇదే. పొద్దున్నే చెయ్యి వణికే మనిషిని చూస్తే, చదువుకుంటున్న కుర్ర డాక్టరు కూడా చెబుతాడు, వీణ్ని ఒక్కసారిగా మాన్పించకూడదని.

ఎందుకో చెబుతాను. వాలులో దిగే బండికి బ్రేకు తొక్కి పట్టుకున్నట్టు తాగుడు మెదడును అణిచి పెడుతుంది. ఏళ్ల తరబడి అట్లా అణిచి పెడితే, మెదడు దానికి ఎదురు తిరిగి ఇంకా గట్టిగా ముందుకు తోస్తూ ఉంటుంది. ఆ బ్రేకు ఒక్కసారి తీసేశారనుకోండి. ఒళ్లు వణుకుతుంది, చెమటలు, నిద్ర ఉండదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి, ఒక్కోసారి గుండె ఆగుతుంది. అందుకే ఆసుపత్రిలో పెట్టి, మాత్రలిచ్చి, ఇంజెక్షన్లిచ్చి, మెల్లగా దించాలి. అది మా నియమం. నియమం రాసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఓబులేసు తనే వచ్చి అడిగాడు. ఎవరిదో పెళ్లి చీర. చెయ్యి అదిరి అంచు మీద పూల వరస తప్పింది, చీర వెనక్కి వచ్చింది. అది కాదు అతన్ని కుదిపింది. "మా పాప చూసి, ఇది నువ్వు నేసింది కాదులే నాయనా అనె మేడం" అన్నాడు. "మానేస్తాను. ఎట్లనో చెప్పండి." మొదటిసారి అతను నవ్వకుండా మాట్లాడడం చూశాను.

అప్పుడు నేను ఏం చెయ్యాలి? వార్డులో చేర్చాలి. మాత్రలు మొదలుపెట్టాలి. అయితే వణుకు తగ్గించే ఆ మాత్రలు మెదడు అలలను మార్చేస్తాయి. మాత్రలు మొదలుపెడితే, అవి ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా వారాల తరబడి యంత్రం కింద కూర్చోబెట్టలేం. యంత్రమేమో ఆ నెలాఖరుకు వెనక్కి పోవాలి. వాళ్ల అన్న పరీక్ష అయింది, తమ్ముడిది అయింది, ఇతనిదొక్కటే మిగిలింది. తాగుడు లేని, మాత్రలు లేని ఓబులేసు మెదడు నాకు కావాలి. త్వరగా కావాలి.

"ఇంట్లోనే మానేయ్ ఓబులేసూ," అన్నాను. "కొన్ని రోజులు ఓర్చుకో. సోమవారం హిందూపురం రా. పరీక్ష కాగానే మంచి మాత్రలిస్తాను."

పక్కన అతని భార్య గంగరత్న నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుండే మనిషి. ఆమె అడిగింది, బాగా ఒణికితే ఎట్ల మేడం అని. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. "అడుగుతాడు. ఏడుస్తాడు. తిడతాడు. ఏమైనా సరే, మందు ఇవ్వొద్దు" అన్నాను.

మన భాషలో రెంటికీ ఒకే మాట కదా. తాగేదీ మందే, తగ్గించేదీ మందే. ఆ రోజు నేను ఆ ఇంటికి రెండూ వద్దన్నాను.

ప్రమాదమని తెలియదా? తెలుసు. తెలిసి ఎట్లా అనగలిగాను? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నను అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. దుర్మార్గంగా అనుకోలేదు. చాలామంది ఇంట్లోనే మానేస్తారు, బాగానే ఉంటారు, ఇతనూ ఉంటాడు, ఏమైనా అయితే ఫోన్ చేస్తారు అనుకున్నాను. నాకు కావలసినదాన్ని నిజమని నమ్మడానికి నా బుర్ర ఎంత నునుపుగా దారి వేసిందో తలుచుకుంటే భయమేస్తుంది. తాగేవాడు కూడా ఇట్లాగే కదా, ఈ ఒక్క రోజుకు ఏం కాదులే అనుకుంటాడు. వాళ్ల మెదడు పరీక్షించడానికి పోయినదాన్ని నేను.

తర్వాత జరిగింది గంగరత్న చెబితే తెలిసిందే. మొదటి రోజు ఒణికాడు. రెండో రోజు అన్నం ముట్టలేదు, చొక్కా చెమటకు తడిసి పిండితే కారేటట్టు ఉండింది. ఆమె గది తలుపు బయట గడియ పెట్టింది, తను తలుపుకు ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాత లోపల మాటలు వినిపిస్తే తీసి చూసింది. ఓబులేసు గోడకు ఎదురుగా కూర్చుని, గాల్లో ఏదో పట్టుకుని, రెండు వేళ్లతో నలిపి, ముడి వేస్తున్నాడు. తెగిన పోగులు ముడేస్తున్నాడు. మగ్గం పక్క గదిలో ఉంది. "శానా తెగిపోయినాయి గంగా, నువ్వు కూడా పట్టుకో" అన్నాడట.

ఆమె ఓర్చుకోలేకపోయింది. ఎదురింటి మనిషిని అడిగి కొంచెం తెప్పించి, చిన్న గ్లాసులో పోసి తాపింది. అతను కొంతసేపట్లో నెమ్మదించాడు. ఒణుకు తగ్గింది. ఆమె తొడ మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. మేడం వద్దన్న పని చేశానే అని భయపడి ఆమె మిగిలింది పారబోసింది. మరుసటి రోజు పొద్దెక్కాక ఫిట్స్ మొదలయ్యాయి. ఒకటి ఆగకముందే ఇంకొకటి. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోతుండగా దారిలోనే పోయాడు.

నేను కర్మంతరం రోజు పోయాను. పోకపోతే బాగుండదని పోయాను. వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి, ఆ ఇంట్లోది ఒకటే ఆగి ఉంది. వాళ్ల అన్న కుర్చీ వేశాడు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అందరి దృష్టిలో నేను ఓబులేసును బాగు చేయడానికి ప్రయత్నించిన డాక్టర్ని. ఓబులేసు వాళ్ల అమ్మ నా చేతులు పట్టుకుని, మీరు శానా చేసినారు తల్లీ అనింది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

లేచి బయటికి వస్తుంటే గంగరత్న వెనకాలే వచ్చింది. గడప దగ్గర నిలబెట్టి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"మేడం, మీకొక మాట చెప్పల్ల. నేను తాపితి. కొంచెమే. ఆయన గాల్లో పోగులు ముడేస్తాంటే నా కండ్లతో చూడలేక తాపితి. దానికేనా మేడం ఆయన పోయింది?"

నాకు జవాబు తెలుసు. ఆ వీధిలో, ఆ ఊరిలో, ఆ క్షణంలో జవాబు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. కాదమ్మా. నువ్వు తాపినందుకు పోలేదు. నువ్వు తాపినందుకే ఆ కాస్త నిద్ర పోయాడు. ఆ ఇంట్లో అతనికి పనికొచ్చే పని చేసింది నువ్వొక్కదానివే. నేను వద్దనకపోయి ఉంటే, ఆసుపత్రిలో పెట్టి ఉంటే, బహుశా బతికి ఉండేవాడు. ఇంతే చెప్పాల్సింది.

నేనేమన్నానో తెలుసా?

"ఇవ్వొద్దని చెప్పాను కదమ్మా."

అంతే అన్నాను. ఆమె నా మొహం చూసింది. ఆ చూపులో ఏదో ఆరిపోవడం నేను చూశాను. వెనక గుమ్మంలో ఆమె అత్త నిలబడి ఉంది. అంతా వింది. నేను చెప్పులు వేసుకుని కారెక్కాను.

అది అబద్ధం కాదు, చూడండి. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇవ్వొద్దని నిజంగానే చెప్పాను. ఎన్నోసార్లు నేను ఆ సందులోంచి తప్పించుకోవాలని చూశాను. ఆమె అవునా కాదా అని అడిగింది, నేను అవుననలేదు కదా అని. కానీ నిజాన్ని అబద్ధం పనికి వాడుకున్నవాడి పాపం అబద్ధం చెప్పినవాడి కంటే ఎక్కువని నాకు తెలుసు. అబద్ధం చెప్పేవాడికి కనీసం గొంతు వణుకుతుంది. నాకు వణకలేదు. చాలా ఓపికగా, కొంచెం బాధగా, డాక్టరు గొంతుతో అన్నాను. ఎవరి నోరు మూయించాలని ఈ చదువు చదివానో ఆ పెద్దత్త మాటే అన్నాను. ఇంకొంచెం మర్యాదగా.

తిరిగి వచ్చే దారిలోనే ప్రొఫెసర్‌కు ఫోన్ చేశాను. మధ్యలో మళ్లీ తాగాడు సార్, పోయాడు అన్నాను. ఆయన అయ్యో అన్నారు. మిగతా ఇద్దరివీ పనికొస్తాయి కదా అన్నారు. వస్తాయన్నాను. వచ్చాయి. పని పూర్తయింది. మంచి పేరు వచ్చింది. తాగుడు పాపం కాదు, జబ్బు, దానికి ఇంటివాళ్లను నిందించకండి అని సభల్లో చెప్పాను. ఒకచోట ఒకావిడ లేచి కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. ఆవిడకు చేతులు జోడించి వేదిక దిగాను. మరుసటి రోజు ఇంకో సభకు పోయాను.

తర్వాత పరిశోధన వదిలేసి ఈ వైపు వచ్చి క్లినిక్ పెట్టుకున్నాను. ఎందుకు వచ్చావని అందరూ అడిగారు. మన ఊరివాళ్లకు చెయ్యాలని అన్నాను. ధర్మవరానికి మాత్రం పోలేదు. క్యాంపు పెట్టమని ఎంతమంది అడిగినా ఏదో చెప్పి తప్పించుకున్నాను. గంగరత్న ఏమైందో అప్పటికి నాకు తెలియదు. తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను.

పోయిన ఎండాకాలం ఒక మనిషిని క్లినిక్‌కు మోసుకొచ్చారు. ధర్మవరం నుంచి. స్పృహ లేదు, నాలుక కొరుక్కుని మూతంతా నెత్తురు. మణికట్ల మీద తాడు కట్టిన గుర్తులు. భార్య చిన్నపిల్ల. ఎన్నాళ్లయింది మానేసి, ఎందుకింత ఆలస్యం చేశారని కోప్పడ్డాను. ఆ అమ్మాయికి నా కోపం అర్థం కాలేదు. మెచ్చుకుంటాననుకుని వచ్చింది.

"ఒక్క సుక్క కూడా ఇయ్యలేదు మేడం," అనింది. "ఎంత మొత్తుకున్నా ఇయ్యలేదు. మంచానికి కట్టేసి గది బీగమేసినాం. గంగరత్నక్క చెప్పింది."

ఏ గంగరత్న అని అడిగాను. అడగక్కర్లేదు. అయినా అడిగాను.

ఆ మనిషి బతికాడు. బతికాడనే అనాలి. కూతురు ఎదురుగా నిలబడితే ఎవరి పాప అని అడుగుతాడు. చెబితే నవ్వుతాడు, కాసేపటికి మళ్లీ అడుగుతాడు. అది ఇంక తిరిగిరాదు.

ఆ అమ్మాయి చెప్పింది నాకు. గంగరత్నను వాళ్ల అత్త ఇంట్లోంచి వెళ్లగొట్టింది. నా కొడుకును తాపి సంపినదాని దగ్గర పిల్ల ఏంటికి అని పాపను తన దగ్గరే ఉంచుకుంది. ఆ పాపకు పెళ్లయింది, తల్లికి కబురు కూడా పోలేదు. గంగరత్న ఒక గది తీసుకుని, కూలికి మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతోంది. ఏ ఇంట్లో మగవాడు తాగుతాడని తెలిసినా, పిలవకపోయినా, పనయ్యాక పోయి ఆ ఇంటి ఆడవాళ్లతో కూర్చుంటుంది. తన కథ చెబుతుంది. "నేను ఓర్సుకోలేక తాపి నా మొగుణ్ని సంపుకుంటిని. పెద్ద డాక్టరమ్మ ముందే చెప్పింది, నేను ఇనలేదు. మీరట్ల చెయ్యొద్దండి. సచ్చిపోతానన్నా ఇయ్యొద్దండి. బీగమేయండి" అని. ఏళ్లుగా చెబుతోంది. ఆమె చెబితే ఎవరు వినరు? మొగుణ్ని పోగొట్టుకున్నది కదా.

నేనన్న మూడు మాటలు అట్లా ఆ ఊరికి వైద్యమయ్యాయి. ఎన్ని తలుపులకు బీగాలు పడ్డాయో, ఎంతమంది ఆ బీగాల వెనక పోయారో నాకు తెలియదు. తెలిసే దారి లేదు. అట్లా పోయినవాళ్లను ఎవరైనా ఏమంటారు? తాగి తాగి పోయినాడు అంటారు.

అప్పుడు పోయాను. ఇంక పోకుండా ఉండలేక పోయాను.

మధ్యాహ్నం. గది చిన్నది. కండెలు చుట్టే చక్రం పక్కన పెట్టుకుని పని చేస్తోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి గుర్తు పట్టి లేచి, చాప వేసి, నీళ్లిచ్చింది. ఆ నీళ్లు తాగకుండా చెప్పేశాను. మొదటి నుంచి. యంత్రం గురించి, మాత్రల గురించి, మందు వద్దన్న మాట గురించి, గడప దగ్గర తెలిసీ చెప్పని జవాబు గురించి. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేనని గబగబా చెప్పాను. ఆమె చక్రం ఆపేసింది.

అడిగింది. "అయితే ఆ పొద్దు ఆయన నిద్రపోయింది నేనిచ్చిందానికేనా?"

"అవును."

"ఇంగ కొంచెం ఇచ్చింటే?"

"ఆసుపత్రికి చేరేదాకా ఉండేవాడేమో."

తల ఊపింది. మొహంలో ఏదో మెత్తబడింది. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఇంక ఈమె ఏడుస్తుంది, నన్ను తిడుతుంది, ఎక్కడో ఒకచోట ఇది ముగుస్తుంది అని. అంతలోనే ఆ మెత్తదనం పోయింది. ఆమె కళ్లు గోడ మీద ఒక్కో ఇంటినే వెతుక్కుంటున్నట్టు కదిలాయి.

"అయితే నేను చెప్పినోళ్లంతా?"

నా దగ్గర జవాబు లేదు. ఈసారి నిజంగానే లేదు.

"ఏంటికి వచ్చినారు మేడం ఇప్పుడు?" అనింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. "ఒకాయన్ని సంపినానని ఇన్నేండ్లు ఎట్లనో బతికితి. ఇప్పుడు ఆయన్ని నేను సంపలేదంటాండారు. మిగిలినోళ్లను సంపినానంటాండారు. దీన్ని పెట్టుకుని నేను ఎట్ల బతకల్ల?"

ఆ పాపం నీది కాదు, నాది అన్నాను. ఎన్నిసార్లన్నానో. మాటలు ఆమె దాకా పోలేదు. మీ అత్తకు, మీ పాపకు నేనే వచ్చి చెబుతానన్నాను. అత్త పోయిందని చెప్పింది. పాప సంగతి వచ్చేసరికి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు. ఈ ఊర్లో ఎవురికీ చెప్పొద్దండి. ఆ ఆడోళ్లకు తెలిస్తే నేను యాడికి పోవల్ల?" అనింది.

సరేనని మాట ఇచ్చాను. ఆమె మళ్లీ చక్రం దగ్గర కూర్చుంది, తిప్పలేదు. నేను లేచి వచ్చేశాను.

ఆ తర్వాత ధర్మవరంలో క్యాంపులు పెట్టాను. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి వస్తుంది, ఒణుకు మొదలైతే కట్టేయొద్దు, బీగం వేయొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి అని వీధి వీధి తిరిగి చెబుతున్నాను. వింటారు. తల ఊపుతారు. ఒక ముసలామె మాత్రం అడిగింది, గంగరత్న వేరే మాదిరి చెప్పిందే అని. గంగరత్న ఇప్పుడు ఎవరింటికీ పోదట. ఎవరైనా వచ్చి అడిగితే నాకు తెల్దు అని తలుపు వేసుకుంటుందట. ఆమె మౌనంగా ఉన్నా ఆమె కథ తిరుగుతూనే ఉంది. నా ఉపన్యాసానికి దాన్ని గెలిచే బలం లేదు. దానిలో ఒక మనిషి ఏడుపు ఉంది, నా మాటల్లో ఏముంది?

నిజం మొత్తం చెబితే వింటారు. మందు ఇవ్వడం వల్ల కాదు, మానమన్నందుకు పోయాడు, మానమన్నది నేను అని చెబితే వింటారు. చెప్పనని మాట ఇచ్చాను. ఇక్కడ కూడా నన్ను నేను నమ్మలేకున్నాను. ఆమెను కాపాడడానికే ఆ మాట నిలబెడుతున్నానా? లేక ఆమె ఇచ్చిన సాకు నాకు హాయిగా ఉందా? నా పట్టా, నా క్లినిక్, దారిలో ఆ నమస్కారాలు అన్నీ ఆ మాట చాటున భద్రంగా ఉన్నాయి కదా. పేరు లేకుండా రాస్తున్నాను కదా. తెలియదు. నాలో ఏది మంచితనమో ఏది పిరికితనమో విడదీసే యంత్రం ఏదీ లేదు.

మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమించడానికి మీరెవరు? క్షమించగలిగిన మనిషి తలుపు వేసుకుంది, వేసుకోవడమే న్యాయం. ఇది చదివి మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక తలుపు తీసి, ఒక మనిషిని ఆసుపత్రికి తీసుకుపోతే మంచిదే. దానివల్ల పోయినవాళ్ల లెక్క తగ్గదు.

ఓబులేసు తాగి చనిపోలేదు. మానేసి చనిపోయాడు. నాకు అతని మెదడు కావలసి, మాత్రలు లేకుండా మానేయమన్నాను. అతనికి ఆఖరి నిద్ర ఇచ్చింది గంగరత్న. చంపింది నేను. చంపి, ఆమె చంపిందని ఆమెనే నమ్మనిచ్చాను.

ఈ మాటలు ఒకదాని పక్కన ఒకటి ఇట్లా పెట్టి చూడడం ఇదే మొదటిసారి. ఇంకేమీ మారలేదు. ఊపిరి మాత్రం కొంచెం లోపలి దాకా పోతోంది.